కాంపస్‌లో ఎలక్షన్ మౌసమ్

కూతురికి "వద్దు" అని చెప్పడానికే ఆ రోజు నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్ళాను.

ముందు రోజు రాత్రి ఫోన్ చేసింది. "అబ్బా, యూనియన్ ఎలక్షన్లు వచ్చాయి. మా స్కూలు తరఫున కౌన్సిలర్‌గా నిలబడమంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది. ఫోన్లో తేల్చే మాట కాదనిపించి "రేపొస్తున్నా బేటీ, అంతదాకా ఏ కాగితం మీదా దస్తఖత్ చెయ్యకు" అన్నాను. వాళ్ళమ్మీ అయితే నాకంటే ముందే ఫైసలా చెప్పేసింది. "చదువుకోవడానికి పోయిన పిల్లకి లీడరీ ఎందుకు? ఖైరియత్‌గా ఇంటికొస్తే అదే పదివేలు."

గచ్చిబౌలి వైపు మెయిన్ గేటు దగ్గర ఆటో దిగి లోపలికి నడిచాను. బయట అద్దాల మేడలు, ట్రాఫిక్ శోర్. లోపల పెద్ద పెద్ద గుండ్లు, చెట్లు, నెమళ్ళ అరుపులు. కొంతదూరం పోయాక డప్పు వినిపించింది. మా ఊళ్ళో పీర్ల పండక్కి కొట్టే దెబ్బలాంటిదే. ఏ పెళ్ళో అనుకున్నాను. మలుపు తిరిగితే ఎలక్షన్ జులూస్! యాభై అరవై మంది పిల్లలు. ఒకడు తెలుగులో నారా ఇస్తే వెనకాల మలయాళీ అమ్మాయిలు అందుకుంటున్నారు. తర్వాత హిందీలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. చేతుల్లో పాత అట్టపెట్టెల ముక్కల మీద రంగులతో రాసిన పోస్టర్లు.

ఒక కుర్రాడు పరుగున వచ్చి నా చేతిలో కరపత్రం పెట్టాడు. నా తెల్లగడ్డం చూసి ఆగాడు. "అంకుల్, మీకు ఓటు లేదు కదా?" అన్నాడు. లేదు నాయనా అన్నాను. "అయినా చదవండి" అని నవ్వి వెళ్ళిపోయాడు. వెళ్ళి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "మీ పిల్లలుంటే చెప్పండి" అని కేకేశాడు. వాడు ఎవరి వైపో, నా కూతురు ఎవరి వైపో నాకప్పటికి తెలియదు.

ఇంకో వంద గజాలు పోతే ఎదురు ప్యానెల్ జులూస్. జెండా రంగు వేరు, మాటలు వేరు, ఆఖర్న మాత్రం వాళ్ళదీ అదే "జిందాబాద్". నాకు నవ్వొచ్చింది. ఎర్రవాళ్ళైనా, నీలం వాళ్ళైనా, కాషాయం వాళ్ళైనా ఈ దేశంలో బతికుండాలంటే జిందాబాద్ అనాల్సిందే! ఫార్సీ మాట అది. "బతికుండుగాక" అని దాని మానీ. ఇంక్విలాబ్ అరబ్బీ నుంచి వచ్చింది. ఈ రెండిటినీ కలిపి 1921లో నారాగా మార్చినవాడు మౌలానా హస్రత్ మొహానీ. ఆయన అలీగఢ్ కాలేజీ విద్యార్థి. మన కుర్రకారుకి ఆయన ఇంకోలా తెలుసు. గులాం అలీ గొంతులో ఇల్లిల్లూ తిరిగిన ఆ ప్రేమ గజల్ రాసింది ఆయనే. 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ అసెంబ్లీలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబు విసిరి ఇచ్చిన నారా అదే. అక్కణ్ణుంచి అది ఎవరి సొత్తూ కాకుండా అందరి సొత్తూ అయింది.

నారా ఒక్కటేనా? ఎలక్షన్ల మాటలన్నీ ఓసారి లెక్కేసుకోండి. హామీ, హక్కు, ఖర్చు, జామీను, హాజరు, ఫిర్యాదు, బందోబస్తు, గెలిచినాయన అలిగితే రాజీనామా. ఇవన్నీ మన నోళ్ళలో ఎప్పుడో తెలుగైపోయిన మాటలు. తెలుగులో ఓటు అడిగేవాడు తనకు తెలియకుండానే కొంచెం ఉర్దూ, కొంచెం ఫార్సీ మాట్లాడుతూనే ఉంటాడు.

సరే, మళ్ళీ దారిలోకి వస్తాను. అందరూ షాప్‌కామ్ అని పిలిచే షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర నా కూతురు కలిసింది. చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఆ చోటు నాకు పేపర్లో చూసి తెలుసు. హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు చలిలో గుడారం వేసుకుని పడుకున్నది అక్కడే. వాళ్ళలో ఒకరు అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ కార్యకర్త రోహిత్ వేముల. 2016 జనవరి 17న ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆ వార్త విన్న రోజు రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అప్పటికి నా కూతురు స్కూల్లోనే ఉంది. "చదువుకోవడానికి పోయిన బిడ్డ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ తల్లే గుర్తుకొస్తుంది. అందుకే నా ఖౌఫ్‌ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

కానీ నా ఖౌఫ్ అక్కడ మొదలు కాలేదు. అది ఇంకా పాతది.

మా అబ్బా ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో దర్జీ. చొక్కాలు, లాగూలతో పాటు ఎలక్షన్ మౌసమ్‌లో జెండాలు కుట్టేవారు. మా జిల్లాలో ఎర్రజెండాకి ఎప్పుడూ గిరాకీ ఉండేది. కాంగ్రెస్‌వాళ్ళు మూడు రంగుల గుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్ళు. 1982 మార్చిలో ఎన్.టి.రామారావు గారు పార్టీ పెట్టాక, ఆ తర్వాతి జనవరిలో ఎలక్షన్లు వచ్చేసరికి మా దుకాణంలో ఎక్కడ చూసినా పసుపుగుడ్డే. అమ్మీ పసుపు దారాలు ఏరి పారేసేది. అబ్బా ఏ పార్టీకీ రేటు మార్చలేదు. గుడ్డ వాళ్ళది, కుట్టుకూలి మాది. కర్ర దూర్చే అంచుని మాత్రం రెండుసార్లు కుట్టేవారు. "జెండా చినిగితే దర్జీనే తిడతారు" అనేవారు.

1969 సంగతి కూడా ఆయనే చెప్పేవారు. ఆ ఏడు జనవరిలో మా ఖమ్మంలోనే ఒక విద్యార్థి నిరాహార దీక్షకి కూర్చున్నాడు. తెలంగాణ ఉద్యోగాల్లో జరుగుతున్న నాఇన్సాఫీ మీద మొదలైన ఆ మంట ఉస్మానియాకి పాకి, కాలేజీలన్నీ మూతపడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఎందరో పిల్లలు పోయారు. అప్పుడు అబ్బా నల్లజెండాలు కుట్టారట. "కుట్టించుకుపోయిన పిల్లల్లో ఒకడు మళ్ళీ కనపడలేదు బేటా. కూలి బాకీ ఉన్నాడని కాదు, వాడి ముఖం గుర్తుంది" అని ఒకసారి అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

1987లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. అప్పట్లో మన రాష్ట్రంలో కాలేజీ ఎలక్షన్లంటే చిన్న అసెంబ్లీ ఎలక్షన్లే. జీపులు, మైకులు, సినిమాహాల్లో ఒక ఆట టికెట్లన్నీ కొనెయ్యడం, రాత్రిళ్ళు బిర్యానీ. ఒక ప్యానెల్‌వాళ్ళు వచ్చి నన్ను జాయింట్ సెక్రటరీకి నిలబడమన్నారు. నా మీద మొహబ్బత్‌తో కాదు. "మీవాళ్ళవి నలభై ఓట్లున్నయి" అని ముఖం మీదే చెప్పారు. నేను ఉబ్బిపోయి నామినేషన్ మీద సంతకం పెట్టేశాను. ఆ సాయంత్రమే హాస్టల్ దగ్గర రెండు గుంపులు కలబడ్డాయి. సైకిల్ చైన్లు తిరిగాయి. నా పక్కన నిలబడ్డ దోస్త్‌కి కనుబొమ్మ పైన చీరుకుపోయింది. వాడి చొక్కా నా చేతుల్లో తడిసిపోవడం నాకిప్పటికీ కల్లోకొస్తుంది.

ఎవరు కబురు చేశారో, తెల్లారేసరికి అబ్బా వచ్చేశారు. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి అలాగే బస్సెక్కేశారు. నన్ను తిట్టలేదు. నామినేషన్ వాపస్ తీసుకునేదాకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. బస్టాండుకి నడుస్తూ ఒకే మాట అన్నారు. "జెండా కుట్టు బేటా, మొయ్యకు."

ఆ మాట మీదే నా జిందగీ గడిచింది. నౌకరీ చేశాను, వ్యాసాలు రాశాను, నలుగురు మోసే మాటల్ని కుట్టి ఇచ్చాను. జులూస్ ముందర ఎప్పుడూ నడవలేదు.

1990లో ఉస్మానియాలో ఎం.ఏ.లో చేరాను. అప్పటికే రాష్ట్ర ప్రభుత్వం కాలేజీల్లో, యూనివర్సిటీల్లో యూనియన్ ఎలక్షన్లు ఆపేసింది. కొట్లాటలు, ఖూనీలు అవుతున్నాయని కారణం చెప్పారు. కారణం అబద్ధమేమీ కాదు. నేను కళ్ళారా చూసినవాణ్ణి. అబ్బా "అల్హందులిల్లాహ్" అన్నారు. నేనూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ ఉస్మానియాలో తిరుగుతూ ఉంటే ఆ రాళ్ళు ఊరుకోవు. 1918లో పుట్టిన యూనివర్సిటీ అది. దేశభాషలో పైచదువులు చెప్పాలన్న గొప్ప సంకల్పంతో పుట్టింది. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. అది చూసి నాకు ఫఖర్ కలుగుతుంది. అయితే ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. ఆ తెలుగు పిల్లవాడు తన సొంత నేల మీద పరాయి భాషలో పరీక్ష రాయాల్సి వచ్చింది. మన మాదరీ జబాన్‌కి దక్కిన ఇజ్జత్ ఇంకొకడి మాదరీ జబాన్‌కి దక్కలేదు. ఆ మాట మనమే ముందు ఒప్పుకోవాలి.

1938 చివర ఉస్మానియా హాస్టల్లో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడుకుంటే అధికారులు వద్దన్నారు. పిల్లలు సమ్మె చేశారు. సమ్మె మిగతా ఊళ్ళ కాలేజీలకీ పాకింది. వందలమందిని బయటికి పంపారు. చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. వరంగల్ కాలేజీలో చదువుతూ అలా నాగపూర్ వెళ్ళినవాళ్ళలో ఒకరు పి.వి.నరసింహారావు. పాట గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. మన ఇళ్ళల్లోనూ ఆ పాట మీద బహస్ ఉంది. కానీ పిల్లలు తమ గదుల దగ్గర ఏం పాడుకోవాలో హుకుమత్ చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. అప్పుడు గద్దె మీద ఉన్నది ఎవరు, పాడింది ఎవరు అన్నది తారుమారు చేసి ఈ రోజుకి అన్వయించుకోండి. సబక్ మారదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అదే యూనివర్సిటీ నుంచి ఇంకో రకం పిల్లలూ వచ్చారు. మెదక్ వైపు అందోలులో పుట్టి, మసీదులో ఊడ్చి, నీళ్ళు మోసి పెరిగిన మఖ్దూం మొహియుద్దీన్ ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పారు. 1939-40 ప్రాంతంలో హైదరాబాదులో కామ్రేడ్స్ అసోసియేషన్ అని పెట్టుకున్నారు. అందులో మఖ్దూం, రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మిరి లాంటివాళ్ళు ఉన్నారు. పేర్లు చూడండి. వీళ్ళ మహఫిల్‌లో మజహబ్ అడిగినవాడు లేడు. మఖ్దూం తర్వాత నౌకరీ వదిలి కార్మిక సంఘాల్లోకి, తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్ళారు. మేమంతా ఆయన్ని శాయర్‌గా యాద్ చేస్తాం. కానీ ఆయన జెండా కుట్టినవాడూ, మోసినవాడూ కూడా.

పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ గొడవ. స్థానికుల కొలువులు స్థానికులకే కావాలని విద్యార్థులు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. తర్వాత 1969. ఆ తర్వాత 1972 ఏప్రిల్ 14. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్ సంపాదించిన జార్జ్ రెడ్డిని ఉస్మానియా కాంపస్‌లోనే పొడిచి చంపారు. ఆయన వయసు ఇరవై ఐదు. నేను చదివిన రోజుల్లో కూడా ఆయన పేరు గోడల మీద ఉండేది. వానకి చెరిగితే ఎవరో మళ్ళీ రాసేవారు.

ఇప్పుడు నేను గమనించిన ఒక సంగతి చెబుతాను. ఎలక్షన్లు ఆగాయి కదా, మరి రాజకీయం ఆగిందా? నేను చేరిన 1990లోనే మండల్ కమిషన్ మీద కాంపస్‌లన్నీ రెండుగా చీలాయి. 2009 నవంబర్, డిసెంబర్ నెలల్లో ప్రత్యేక తెలంగాణ కోసం ఉస్మానియా ఉడికిపోయింది. లాఠీలు, బాష్పవాయువు, రాత్రిళ్ళు హాస్టళ్ళ చుట్టూ పోలీసులు. డిసెంబర్ 9న ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చేదాకా దేశమంతా ఆ కాంపస్ వైపే చూసింది. అంత పెద్ద ఉద్యమంలో విద్యార్థులు ఓటేసి గెలిపించుకున్న యూనియన్ ఒక్కటీ లేదు. జేఏసీలు ఉన్నాయి. గొంతు ఉన్నవాడు లీడర్ అయ్యాడు. వాళ్ళలో ముఖ్లిస్‌లు చాలామంది ఉన్నారు. నేను తప్పుపట్టడం లేదు.

అంటే ఎలక్షన్లు పోయినా నారాలు పోలేదు. జెండాలు పోలేదు. కొట్లాటలు కూడా పూర్తిగా పోలేదు. మరి పోయిందేమిటి? అది నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. సెంట్రల్ యూనివర్సిటీ షాప్‌కామ్‌లో నా కూతురు చెబితే తెలిసింది.

ఆ యూనివర్సిటీ సంగతి వేరు. 1973 ఆరు సూత్రాల పథకంలో భాగంగా పార్లమెంట్ చట్టంతో 1974లో వచ్చింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. కేంద్రానిది కాబట్టి రాష్ట్రం చేసిన బందిష్ దానికి అంటలేదు. అక్కడ ఎలక్షన్లు నడుస్తున్నాయి. గచ్చిబౌలిలోనే 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో కూడా యూనియన్ ఎలక్షన్లు ఉన్నాయి. అదే ఊళ్ళో ఉస్మానియాలో లేవు. ఒకే నగరంలో ఒక పిల్లవాడికి ఓటు ఉంది, ఇంకొకడికి లేదు!

"జీపులేవి? మైకులేవి?" అని అడిగాను. నా కూతురు నవ్వింది. "లింగ్డో కమిటీ అబ్బా" అంది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో అధ్యక్షతన వేసిన కమిటీ 2006లో రిపోర్టు ఇచ్చింది. ఆ సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు దాన్ని అమలు చెయ్యమంది. ఒక అభ్యర్థి ఐదువేల రూపాయలకి మించి ఖర్చు పెట్టకూడదు. అచ్చువేసిన పోస్టర్ ఉండకూడదు, చేత్తో రాసినదే. హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలి. పరిశోధన విద్యార్థికి ఇరవై ఎనిమిదేళ్ళు దాటకూడదు. నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజుల్లో అయిపోవాలి. ప్రచారానికి లౌడ్‌స్పీకర్లు, వాహనాలు, జంతువులు వాడకూడదు. జంతువులు అని ప్రత్యేకంగా రాశారంటే ఎక్కడో ఏనుగుల మీద ఊరేగి ఉంటారు అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం. అట్టముక్కల పోస్టర్లు ఎందుకో నాకప్పుడు సమఝయింది.

ఇక అసలు మాట. "నీకెందుకు బేటీ ఇదంతా?" అన్నాను.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. చాయ్ కప్పు తిప్పుతూ ఒక కిస్సా చెప్పింది.

"మా పక్క రూంలో ఒకమ్మాయి ఉంటుంది. పోయిన సంవత్సరం చేరినప్పట్నుంచి పక్కనే. ఎదురుపడితే తల ఊపడమే తప్ప మాట లేదు. వాళ్ళ ఆలోచన వేరు, మన ఆలోచన వేరు అని నేనూ అనుకున్నాను. పోయిన ఎలక్షన్లప్పుడు తలుపు తట్టింది. ఓటు అడగడానికి. కూర్చో అన్నాను. మంచం మీద కూర్చుని, చేతిలో నోటుబుక్కు పట్టుకుని, 'నీకు హాస్టల్లో ఏమైనా ఇబ్బంది ఉందా' అని అడిగింది. ఏం చెప్పాలో తోచక, రంజాన్‌లో సహ్రీకి లేచేటప్పుడు లైటు వేస్తే రూమ్మేట్ నిద్ర చెడుతుందని చీకట్లోనే తింటాను అన్నాను. అది రాసుకుంది. రాసుకుని, 'నేను ఎలాగూ నాలుగింటిదాకా చదువుతూ మేలుకునే ఉంటాను, మా రూంకి వచ్చి తిను' అంది."

"ఓటు కోసమే కదా" అన్నాను నేను.

"ఓటు కోసమే అబ్బా. నేను వెయ్యలేదు కూడా. ఆమె ఓడిపోయింది. రంజాన్‌లో తలుపు తీసి పెట్టింది."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఈ నగరంలో నేను ఎన్ని తలుపులు తట్టానో అల్లాహ్‌కి తెలుసు. టు-లెట్ బోర్డు చూసి వెళ్తే పేరు అడిగేవారు. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అనేవారు. బోర్డు మాత్రం నెలరోజులు అలాగే వేలాడేది. అలాంటి ఊళ్ళో ఒక తలుపు దానంతట అదే వచ్చి నా కూతురి గదిని తట్టింది.

అప్పుడు తెలిసింది పోయిందేమిటో. పోయింది అడగడం. ఎలక్షన్ ఉంటే, ఎంత ఘమండ్ ఉన్నవాడైనా, ఏడాదికి ఒక్కసారైనా, తనకి నచ్చని మనిషి గుమ్మంలో నిలబడి "నీకేం కావాలి" అని అడగాలి. మనసులో ఇష్టం లేకపోయినా అడగాలి. అడిగాక వినాలి. విన్నాక ఒక్కోసారి మనసే మారుతుంది. ఎలక్షన్ లేనిచోట నారా ఇవ్వడానికి ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. తనవాళ్ళని పోగుచేసుకుంటే చాలు, అవతలివాణ్ణి అడగాల్సిన పనే లేదు. మనలాంటి తక్కువ మంది ఉన్నవాళ్ళకి ఆ తేడా చిన్నది కాదు. 1987లో వాళ్ళు నా దగ్గరికి వచ్చింది నలభై ఓట్ల లెక్కతోనే కావచ్చు. అయినా వచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు.

కొట్లాటలకి భయపడి ఎలక్షన్లు ఆపడమంటే, ప్రమాదాలు అవుతున్నాయని రోడ్డు తవ్వెయ్యడం లాంటిది. కాయదాలు పెట్టి నడపొచ్చని ఈ యూనివర్సిటీ చూపిస్తోంది. ఇక్కడా గొడవలు లేవని నేననను. ఇక్కడా కులం, మజహబ్ లెక్కలున్నాయి. కానీ లెక్క వేసుకున్నవాడు కూడా తలుపు తట్టి రావాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఆ తలుపు చప్పుడు మళ్ళీ వినపడాలని ఇప్పుడు నేను అడుగుతున్నాను. ముప్పై ఏళ్ళు వద్దు అన్నవాణ్ణి.

నా కిస్సా కూడా ఆమెకి చెప్పాను. సైకిల్ చైన్లు, దోస్త్ చొక్కా, దాదా మెడలో టేపు, మెట్ల మీద కూర్చోవడం, అన్నీ. శ్రద్ధగా విని ఒకటే అడిగింది. "మీరు వాపస్ తీసుకున్నాక ఆ పోస్టుకి ఎవరు గెలిచారు?"

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నా జిందగీలో నేను నిలబడబోయిన ఒకే ఒక్క ఎలక్షన్‌లో గెలిచిందెవరో నాకు తెలియదు.

"సరే, ఖర్చు ఐదువేలు దాటొద్దు. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దు. అమ్మీకి నేను చెబుతా" అన్నాను. ఆమె ముఖంలో వచ్చిన వెలుగు చూసి, పొద్దున బయల్దేరేటప్పుడు మనసులో తయారుచేసుకున్న మాటలన్నీ మింగేశాను.

అంతలో సంచిలోంచి ఒక అట్టముక్క, రంగు డబ్బా, కుంచె తీసింది. "కశ్మీర్ నుంచి, యూపీ నుంచి వచ్చినవాళ్ళున్నారు మా స్కూల్లో. ఒక పోస్టర్ ఉర్దూలో రాసిస్తారా? నాకు చదవడమే వచ్చు, మీ ఖత్ నాకు రాదు" అంది. చాయ్ బెంచీ మీద వంగి కూర్చుని రాశాను. గీతలు వంకర పోకుండా ఆమె అట్టని రెండు చేతులా పట్టుకుంది. కింద తెలుగులో అదే మాట తను రాసింది. "అడిగితే చెబుతాను, చెబితే వింటాను" అని. అంచుల్లో గాలికి చిరగకుండా రెండు వరసలు టేపు అంటించాను. అబ్బా గుర్తొచ్చారు.

ఆమె గెలిచిందా అని మీరు అడుగుతారు. ఓడిపోయింది. కానీ వాళ్ళ స్కూల్లో ముస్లిం పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వచ్చిన ఓట్లు దానికి ఎన్నో రెట్లు. ఆ రాత్రి ఫోన్ చేసి, ఏడుస్తుందేమో అని నేను బిగబట్టుకుని ఉంటే, "అబ్బా, పోస్టర్ దాచాను. వచ్చే ఏడు పేరు మార్చి ఇంకెవరికైనా వాడొచ్చు" అంది.

అబ్బా చెప్పిన మాటలో సగం నేను పాటించాను. మిగతా సగం నా కూతురు పాటించలేదు. అబ్బా ఉంటే ఏమనేవారో తెలియదు. బహుశా అంచు గట్టిగా ఉందో లేదో ఓసారి లాగి చూసేవారు.